నలభై కుటుంబాల ఆన్‌లైన్ ఆటల రాత్రి రెండు వేల రూపాయల్లో జరపగలమా?

ప్రశ్న: మారతహళ్ళి నివాసి

బెంగళూరులోని మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీలలో విడివిడిగా ఉంటున్న మా తెలుగు కుటుంబాలు సుమారు నలభై. శనివారం సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఒకచోటికి చేరేసరికి ఉత్సాహం దారిలోనే ఆవిరైపోతోంది కనుక, ఈసారి ఎవరింట్లో వారుండి ఆన్‌లైన్‌లో ఆడుకుందామనుకున్నాం. ఖర్చుకు రెండు వేలున్నాయి. పెద్దవాళ్ళ దగ్గర ఫోన్లు మాత్రమే ఉన్నాయి. ఇంటికి వంద చొప్పున రుసుము వసూలు చేసి, గెలిచినవారికి నగదు ఇద్దామని ఒకరు సలహా ఇచ్చారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు: లెక్కల మాస్టారు

ఆ రుసుము ఆలోచన మానుకోండి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, రుసుమో పందెమో కట్టి డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, అవి నైపుణ్యంతో కూడినవైనా అదృష్టం మీద ఆధారపడినవైనా, నిషేధించింది. ఇలాంటి కుటుంబ ఆటలకు అది వర్తిస్తుందా అన్న వాదనలోకి మనం దిగనవసరం లేదు. ఉన్న రెండు వేలతోనే పూతరేకులు కొని గెలిచిన ఇంటికి పంపండి.

జవాబు: బొమ్మల పిచ్చి

మేము రెండుసార్లు నడిపాం. మా ఇంటిల్లిపాదీ ఆడగలిగినది స్క్రిబుల్ (skribbl.io) ఒక్కటే: బ్రౌజరులో ఉచితం, ఫోనులోనూ తెరుచుకుంటుంది, ఒకరు బొమ్మ గీస్తుంటే మిగిలినవారు పదం ఊహించి టైపు చేయాలి. అందులో సొంత పదాల జాబితా ఇవ్వవచ్చు. మేము గుత్తివంకాయ, తోలుబొమ్మ, తిరగలి వంటివి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టాం. మా మామయ్యగారు వేలితో ఎంతో ఓపికగా తిరగలి గీసి, పిడి కూడా పెడితే, బెంగళూరులో పుట్టిన పిల్లలందరూ ‘స్పీకర్’ అని కొట్టారు! ఒక జాగ్రత్త అవసరం. ‘వంకాయ’లో దీర్ఘానికి ఒక ‘ఎ’ రాయాలా, రెండా అన్నది ముందే తేల్చకపోతే, సరిగ్గా ఊహించినవారికీ మార్కులు రావు. ఎనిమిది మంది, మూడు రౌండ్లు, వంతుకు 80 సెకన్లు అనుకుంటే, ఒక ఆట ఎంత సాగినా అరగంటకు అటూ ఇటూగా ముగుస్తుంది.

జాక్‌బాక్స్ అనే పార్టీ ఆటల సంపుటి ఒకరు కొంటే చాలు, మిగిలినవారు ఫోనులో గది కోడ్ కొట్టి చేరవచ్చు. అయితే దాని చమత్కారం ప్రధానంగా ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో ఉండదు. పెద్దవాళ్ళు ప్రేక్షకులుగా మిగిలిపోతారు కనుక నేనైతే కొనను. కుర్రకారుకు, తమలో దాగిన మోసగాడిని కనిపెట్టే ఆట అమాంగ్ అస్ ఇవ్వండి. ఫోనులో ఉచితం, ఒక గదిలో నాలుగు నుంచి పదిహేను మంది ఆడవచ్చు.

జవాబు: రాత్రి షిఫ్ట్

అందరినీ ఒకే కాల్‌లో కూర్చోబెడితే ఒకరి మాట ఒకరికి వినపడదు. ఐదు గదులు చేసి, గదికి ఎనిమిది ఇళ్ళు కేటాయించి, ఇంటికొక ఆటగాడిని పెట్టండి. ప్రతి గదికీ ఒక బాధ్యుడు ఉండాలి. ఉచిత జూమ్ 40 నిమిషాలకు, గూగుల్ మీట్‌లో ఉచిత గుంపు కాల్ గంటకు ఆగిపోతాయి. మాటలకు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోని వాయిస్ ఛానెల్ అయితే ఆ గడువు ఉండదు, డబ్బూ అక్కర్లేదు. పెద్దవాళ్ళ ఫోన్లలో శుక్రవారమే ఒకసారి తెరిపించి చూడండి. మా మొదటి ప్రయత్నంలో గంటకు పైగా ‘వినపడుతోందా?’ అన్న ప్రశ్నతోనే గడిచింది. కరెంటు పోతే రౌటరూ ఆగుతుంది కాబట్టి, బాధ్యుల ఫోన్లలో డేటా ఉండేలా చూసుకోండి.

ప్రశ్న వేసినవారు: మారతహళ్ళి నివాసి

అందరికీ కృతజ్ఞతలు. రుసుము రద్దు చేశాం. ఐదు గదులు, స్క్రిబుల్, చివర కుర్రకారుకు అమాంగ్ అస్ అని నిర్ణయించాం. పదాల జాబితా మా అమ్మగారు రాస్తున్నారు. ఇప్పటికే అందులో ‘కవ్వం’ చేరింది, దాన్ని ఎలా గీయాలో మాత్రం ఆవిడ చెప్పనంటున్నారు.