పంది మెడలో మూసుకుపోతే మనిషి మెదడులోనూ మూసుకుపోతుందా?

చిక్కుముడి: ఏవీఎంలకి (ధమనులు, సిరలు నేరుగా కలిసిపోయి చిక్కుపడ్డ నాళాలు) వాడే ఓనిక్స్, గ్లూ లాంటివి (లోపల గట్టిపడి నాళాన్ని మూసేసే ద్రవాలు) ముందు పందిలో ట్రై చేస్తారు కదా. పందికి పుర్రె అడుగున రీటే మిరాబిలే అని సన్న నాళాల వల ఉంటుంది, మనకి ఉండదు, పైగా అది ధమని నుంచి ధమనికే పోతుంది, సిర ఊసే లేదు. దాంట్లో మూసుకుంటే మనకేంటి? సిలికాన్ గొట్టాల్లో పంపు పెట్టి చూస్తే పోలా?

నైట్‌డ్యూటీ: సిలికాన్ గొట్టానికి స్పాజం (నాళం బిగుసుకుపోవడం) రాదు బ్రో. ఓనిక్స్‌లో పాలిమర్‌ని కరిగించేది డీఎంఎస్ఓ అనే ద్రావకం. 1994లో దాన్ని పంది రీటేలోకి ఎక్కిస్తే నాళాలు బిగుసుకుపోయి స్ట్రోకులొచ్చాయి, ఇక దీని పని అయిపోయిందనుకున్నారు. 1999లో అదే మోడల్‌లో నెమ్మదిగా ఎక్కిస్తే అంత డ్యామేజీ లేదు. ఇవాళ మైక్రోకేథటర్‌లో (నాళంలోకి దూర్చే సన్న గొట్టం) చుక్క చుక్కగా నెడుతున్నామంటే ఆ పందుల పుణ్యమే.

చిక్కుముడి: సరే, అది సేఫ్టీ. నేనడిగేది నిజంగా మూసుకుంటుందా అని. మెడలో కెరోటిడ్ ధమనికీ జుగులర్ సిరకీ ఫిస్టులా (నేరు దారి) కుట్టి షంట్ తెప్పిస్తారు, అంటే ధమని రక్తం నేరుగా సిరలోకి పోయేలా చేస్తారు, తెలుసు, కానీ ఏళ్ల తరబడి ఒత్తిడికి సాగిపోయిన నాళాలు కావుగా అవి. పైగా పంది రక్తం మనకంటే తొందరగా గడ్డకడుతుంది.

లిపియోడాల్_బాబాయ్: నేను గ్లూ మనిషినండీ. ఎన్‌బీసీఏ (ఆ గ్లూ పేరే) రక్తం తగలగానే గట్టిపడుతుంది, అందుకే కేథటర్‌ని ముందు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కడుగుతాం, లిపియోడాల్ అనే నూనె ఎంత ఎక్కువ కలిపితే అంత ఆలస్యం. ఇదంతా ల్యాబ్ బల్ల మీదే నేర్చుకోవచ్చనుకునేవాణ్ణి, పారే రక్తంలో టైమింగ్ పూర్తిగా వేరు. నా గొడవ వేరే, కొందరు అదే రోజు యాంజియో తీసి "పూర్తిగా మూసుకుంది" అని రాసేస్తారు చూశారా, అక్కడ ఒళ్లు మండుతుంది. జంతువుని కొన్ని నెలలు ఉంచి, మళ్లీ యాంజియో తీసి, ఆ నాళం ముక్క కోసి గోడలో వాపు ఎంతుందో చూడాలి. మళ్లీ తెరుచుకుందా లేదా అప్పుడేగా తెలిసేది!

నైట్‌డ్యూటీ: బాబాయ్ చెప్పిందానికి నా ఓటు. అన్నిటికీ పంది కావాలని నేనూ అనట్లేదు.

చిక్కుముడి: అలా అయితే ఓకే. చిక్కదనం, ఎక్స్‌రేలో కనబడటం లాంటివి ముందే తేల్చుకుని మిగతాదానికే జంతువు దగ్గరికెళ్లండి. ఎక్స్‌రేలో కనబడ్డానికి ఓనిక్స్‌లో కలిపే టాంటలమ్ లోహపు పొడి అడుక్కి దిగుతోందా లేదా చూడ్డానికి పంది ఎందుకండీ, సీసా ఊపితే తెలీదూ?