తొలిచూపు వలపు: మార్లో పాదాన్ని తెలుగు చేయడం ఎలా?

ప్రశ్న: ఇంగ్లీషు కవి మార్లో రాసిన హీరో–లియాండర్ కావ్యంలోని ప్రసిద్ధ పాదాన్ని ‘తొలిచూపులో ప్రేమించనివారెవరు?’ అని తెలుగు చేశాను. సరిపోయిందా? షేక్‌స్పియర్ దాన్నే వాడుకున్నచోట ‘సా’ (saw) అనే మాట కూడా అంతుపట్టలేదు.

జవాబు: సరిపోలేదండీ. మీ వాక్యం ప్రకారం చూసిన ప్రతివారూ ప్రేమలో పడాలి. మార్లో మాట్లాడేది ప్రేమించినవాళ్ల గురించే: ‘వలచినవారిలో తొలిచూపునే వలవనివారెవరు?’ ముందు పాదం కూడా కలపాలి: ఇద్దరూ ఆలోచించి తూచుకుంటే ఆ ప్రేమ పలచనిది అని. ఆ రెండు పాదాలకూ చివర అంత్యప్రాస ఉంది. మన ప్రాస రెండో అక్షరంలో కదా, అందుకని ద్విపదలో (రెండేసి పాదాల తెలుగు ఛందస్సులో) పెట్టి చూశాను:

తలచి తూచినచోట తక్కువే ప్రేమ
తొలిచూపునన్ గాక తోచునే వలపు?

మొదటి పాదం గణాలు, అంటే గురులఘువుల గుంపులు (బ్రాకెట్లలో వాటి పేర్లు): తలచితూ (నగ), చినచోట (సల), తక్కువే (ర), ప్రేమ (హ). రెండోది: సల, త, ర, న. ప్రాస ‘ల’. యతి (పాదం మొదటి అక్షరానికి మూడో గణం మొదటి అక్షరంతో పొత్తు) త–త, తొ–తో. ‘ఇద్దరూ’ అన్న మాట మాత్రం ఇమడలేదు. అది లోపమే, ఇంకెవరైనా ఇమిడిస్తే సంతోషం.

ఇంకొకరి జవాబు: ‘సా’ ఇక్కడ నామవాచకం: నానుడి, సూక్తి. ‘చూశాను’ అనో ‘రంపం’ అనో రాస్తే వాక్యం కూలిపోతుంది. ‘యాజ్ యు లైక్ ఇట్’ 3వ అంకం 5వ రంగంలో, మగవేషంలో ఉన్న రోజలిండ్‌ని చూసి మనసు పారేసుకున్న ఫీబీ అనే మాట అది. ‘చనిపోయిన గొర్రెలకాపరీ, నీ సూక్తి బలం ఇప్పుడు తెలిసింది’ అంటుంది. ఆ కాపరి మార్లోనే. ఆయన 1593లో పోయాడు, కావ్యం 1598లో అచ్చయింది. అదే నాటకం 4వ అంకంలో రోజలిండ్ హీరో–లియాండర్ కథనే తిరగేస్తుంది. పాత కథలో ప్రియురాలు హీరో కోసం జలసంధి ఈదుతూ లియాండర్ మునిగిపోతాడు. రోజలిండ్ మాత్రం లియాండర్ ప్రేమకోసం చావలేదు, స్నానానికి దిగితే కండరాలు పట్టేసి మునిగాడు అంటుంది. ఫీబీ నమ్మిన పురాణాన్ని రోజలిండ్ కొట్టిపారేస్తుంది. అనువాదంలో ఈ రెండు గొంతులూ విడిగా వినబడాలి.

ప్రశ్న: ‘హీరో’ అన్న పేరు అలాగే ఉంచాలా?

జవాబు: ఉంచండి, కానీ మొదటిసారే ‘సెస్టోస్ ఊళ్లో ప్రేమదేవత వీనస్ గుడి పూజారిణి హీరో’ అని రాయండి. లేకపోతే మన పాఠకులు లియాండరే హీరో అనుకుంటారు.

ఇదే ఈత మీద ఇంగ్లీషు కవి బైరన్ రాసిన చిన్న కవిత కూడా తీసుకుంటే ‘ఏగ్యూ’ దగ్గర జాగ్రత్త. 1810 మే 3న ఆయన అదే జలసంధిని సెస్టోస్ నుంచి ఎదుటి ఒడ్డు అబైడోస్‌కు 1 గంట 10 నిమిషాల్లో ఈదాడు. లియాండర్ మునిగిపోయాడు, నాకేమో ఏగ్యూ పట్టుకుంది అని ముగిస్తాడు. ‘జబ్బు’ అంటే చప్పబడుతుంది. ‘చలిజ్వరం’ అనండి.