ఏకాంత ఖైదు మనసును పాడుచేస్తుందా? ఇది శిక్షా, చిత్రహింసా?

పెన్నాతీరం: బెల్గాం హిండల్గా జైల్లో ఉరిశిక్ష పడిన ఒక ఖైదీని దాదాపు పదేళ్లు ఒంటరి గదిలో ఉంచారు. ఆ నిర్బంధం కారణంగానే 2022 నవంబరులో సుప్రీంకోర్టు అతని ఉరిని యావజ్జీవంగా మార్చింది. క్షమాభిక్ష పిటిషను పూర్తిగా తిరస్కరణకు గురయ్యేదాకా ఎవరినీ ఇలా విడిగా పెట్టరాదని అదే కోర్టు 1978లోనే, సునీల్ బాత్రా కేసులో చెప్పింది. తీర్పు కాగితం మీద, మనిషి గదిలో! మనిషిని మనిషికి దూరం చేయడం చిత్రహింసే అంటాను.

మాజీ వార్డరు: ఇరవై ఆరేళ్లు జైలు శాఖలో పనిచేశాను. మీరు ఊహించుకుంటున్న చీకటి కొట్టు నేనెక్కడా చూడలేదు. సెల్లుకు ఊచల తలుపు ఉంటుంది, ఎదురుగా వరండా, పక్క సెల్లువాడితో కబుర్లు. నలభై మందికి కట్టిన బ్యారక్‌లో తొంభై మంది పడుకునేచోట, తనకంటూ ఒక గోడ దొరికితే చాలనుకునేవాళ్లను చూశాను. నా చెవి వెనక ఏడు కుట్లున్నాయి. ఒక ఖైదీ చెంచా అరగదీసి పొడిచాడు. వాణ్ణి మళ్లీ బ్యారక్‌లోకే పంపమంటారా?

లెక్కల మాస్టారు: ముందు మాటలు సరిచూసుకుందాం. కోర్టు విధించే ఏకాంత ఖైదు మొత్తం మూడు నెలలు దాటకూడదు, ఒక విడతలో 14 రోజులు మించకూడదు. బెల్గాంలో జరిగింది అది కాదు. జైళ్ల చట్టంలో ఉరి ఖైదీని విడిగా ఉంచమన్న నిబంధన ఉంది, దాన్ని వాడారు. రెండింటినీ కలిపేస్తున్నారు.

పెన్నాతీరం: లోపలున్నవాడికి సెక్షను నంబరు కనిపిస్తుందా మాస్టారూ?

చింతచెట్టు: కరోనా సమయంలో 14 రోజులు మేడమీద గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. నాకేమీ కాలేదు.

అనసూయ: ఫోను ఉంది కదండీ? తలుపు గడియ మీవైపే ఉంది కదా?

నల్లరేగడి: మావోయిస్టు సంబంధాల కేసులో నాగపూర్ జైలు అండా సెల్లులో (గట్టి భద్రత ఉండే గుడ్డు ఆకారపు గదుల్లో) ఏళ్లు గడిపి, 2024 మార్చిలో నిర్దోషిగా బయటపడి, అక్టోబరులో చనిపోయిన ఢిల్లీ ప్రొఫెసర్ సాయిబాబా గారి పేరు ఎవరూ ఎత్తరేం?

చింతచెట్టు: ఎత్తితే చర్చ రాజకీయంలోకి పోతుంది, నిర్వాహకులు తాళం వేస్తారు. వద్దు.

పెన్నాతీరం: వార్డరు గారూ, చెవి మీద కుట్లు కనిపిస్తాయి, లోపలివి కనిపించవు. స్టువర్ట్ గ్రాసియన్ అనే మనోవైద్యుడు మసాచుసెట్స్‌లోని వాల్‌పోల్ జైలు ఖైదీలను పరీక్షించి 1983లో రాశాడు. చిన్న చప్పుడు కూడా భరించలేకపోవడం, లేని మాటలు వినిపించడం, ఒక్కసారిగా కమ్ముకునే భయం, ఆలోచన నిలవకపోవడం. అంతకు చాలా ముందే, 1890లో, మెడ్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పాత ఏకాంత జైళ్ల గురించి ఇదే చెప్పింది. కొందరికి మతి పోయిందని, కొందరు ఆత్మహత్య చేసుకున్నారని.

లెక్కల మాస్టారు: ఒకవైపే చెబుతున్నారు. 2010లో కొలరాడోలో ఏడాదిపాటు ఖైదీలను గమనించి, ఒంటరి గదుల్లోనివారి మానసిక స్థితి అనుకున్నంతగా దిగజారలేదని తేల్చారు.

పెన్నాతీరం: ఆ ఫలితం ఎక్కువగా ఖైదీలే నింపిన ప్రశ్నపత్రాల మీద నిలబడిందని విమర్శలు వచ్చాయి. పైగా అదే కొలరాడోలో ఏం జరిగింది? ఒంటరి గదిలోంచి నేరుగా వీధిలోకి వదిలిన ఒకడు 2013లో జైళ్ల అధిపతిని ఆయన ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాడు. తర్వాత వచ్చిన అధిపతి తానే 20 గంటలు అలాంటి గదిలో ఉండి చూశాడు. 2017లో 15 రోజుల హద్దు పెట్టాడు.

మాజీ వార్డరు: బాగుంది. ఇంత రాశారు, ఆ బెల్గాం ఖైదీ చేతిలో చచ్చిపోయిన ఆడమనిషి గురించి ఒక్క ముక్క రాశారా? మీ జాలి అంతా ఊచలకు అటువైపే ఉంటుంది. మాలాంటివాళ్లు పొద్దున డ్యూటీకి వెళ్లి సాయంత్రం తిరిగొస్తామో లేదో మీకు అక్కర్లేదు.

అనసూయ: అటువైపు మా తమ్ముడుండేవాడండీ. దొంగతనం కేసు, ఇంకా విచారణే. బ్యారక్‌లో గొడవైందని నాలుగు నెలలు విడిగా పెట్టారు.

లెక్కల మాస్టారు: జైలు శిక్షగా విడి నిర్బంధం మూడు నెలలు మించకూడదమ్మా. నాలుగు అని ఎలా అంటారు?

అనసూయ: ములాఖత్‌కు వెళ్లిన ప్రతిసారీ క్యాలెండరు మీద సున్నా చుట్టాను. ఇంట్లోనే ఉంది, వచ్చి లెక్కపెట్టుకోండి. వాడిప్పుడు కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుంటాడు. పెరట్లోకి వెళ్లడానికి నన్ను అనుమతి అడుగుతాడు, ముప్పై ఒకటేళ్లవాడు. భోజనానికి నలుగురం కూర్చుంటే కంచం తీసుకుని గోడవైపు తిరుగుతాడు. మీరందరూ తీర్పుల గురించి కొట్టుకోండి.

మాజీ వార్డరు: రెండు రోజులు ఏమీ రాయలేదు. అమ్మా, ఏమీ కాదని నేను అన్నానా? పైకెళ్లి చదివితే, అనలేదు. కానీ అన్నట్టే ఉంది. అవుతుంది. రాత్రి డ్యూటీలో ఒకడు గోడతో మాట్లాడటం విన్నాను, పేరు పెట్టి పిలిచేవాడు. డాక్టరును అడిగితే వారానికొకసారి వస్తాడన్నారు. మా బ్లాకులో ఒక్కొక్క వార్డరుకు ఎంతమంది ఖైదీలో చెబితే నమ్మరు. ఇద్దరు కొట్టుకుంటే ఒకణ్ణి విడిగా పెట్టడం తప్ప మా చేతిలో ఇంకేముంది? మందు లేక తాళం వేశాం.

పెన్నాతీరం: అయితే మీరు మొదటినుంచీ వాదించింది ఒంటరి గది గురించి కాదన్నమాట, మనుషులు చాలకపోవడం గురించి.

మాజీ వార్డరు: నా తరఫున మీరు తీర్పు చెప్పొద్దు. రేపు అదే చెంచా వస్తే నేను అదే చేస్తాను.

అనసూయ: చెయ్యండి. కానీ ఎన్ని రోజులు?

లెక్కల మాస్టారు: ఖైదీల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన మండేలా నియమాల ప్రకారం రోజుకు 22 గంటలు లేదా అంతకు మించి ఒంటరిగా ఉంచడం వరుసగా 15 రోజులు దాటితే నిషేధం. పదిహేనో రోజు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది వేరే విషయం, దానిమీద విడిగా రాస్తాను.