240జెడ్ కారుకు వెడల్పాటి నకలు అల్లాయ్ చక్రాలు: ఏడంగుళాలా, ఎనిమిదంగుళాలా?

ప్రశ్న (విజయవాడ, పటమట నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. మా మేనమామ నైరోబీలో ఉద్యోగం ముగించుకుని వస్తూ వెంట తెచ్చుకున్న 1972 నాటి డాట్సన్ 240జెడ్ స్పోర్ట్స్ కారు ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంజను, బ్రేకుల పని ఆటోనగర్‌లో చేయించాను. పాత 14 అంగుళాల ఇనుప చక్రాల్లో ఒకటి సొట్టపోయింది, మిగిలినవి అంచుల దగ్గర తుప్పు పట్టాయి. జపాన్ వటనబె సంస్థవారి ఎనిమిది ఆకుల చక్రాలంటే నాకు ఎప్పటినుంచో ఇష్టం. అసలువి కొనే స్తోమత లేదు కనుక వాటిని పోలిన నకలు అల్లాయ్ చక్రాల కోసం వెతికితే రెండు రకాలు దొరికాయి: ఒకటి 15 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు, రెండోది అదే వ్యాసం, 8 అంగుళాల వెడల్పు. రెండింటికీ ఆఫ్‌సెట్ సున్నా. అమ్మేవారు "రెండూ పడతాయండీ, అవసరమైతే మడ్‌గార్డు అంచు కాస్త కోస్తే సరిపోతుంది" అంటున్నారు. ఫొటోల్లో చూస్తే ఎనిమిదంగుళాలదే నిండుగా కనిపిస్తోంది. ముందుముందు ఈ కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించాలని కూడా ఉంది. ఏది తీసుకోమంటారు? నకలు చక్రం గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు (గుంటూరు నుంచి)

తమ్ముడూ, ముందుగా ఆ "కాస్త కోస్తే" అన్న మాట దగ్గర ఆగుదాం. 240జెడ్‌కు ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి. పాడైతే విప్పి వేరేవి వేసుకోవచ్చు. వెనుక భాగం అలా కాదు. అది బాడీలో కలిపి వెల్డింగు చేసిన రేకు. ఒకసారి కోశాక మళ్ళీ పూర్వపు ఆకారానికి తేవడానికి ఎంత మంచి టింకరింగ్ మేస్త్రీ అయినా అవస్థపడవలసిందే. పైగా 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటిన వాహనం తన మూల రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. మీరు కోరుకుంటున్న, వింటేజ్ వాహనాలకు ఇచ్చే ఆ 'వీఏ' వరుస నంబరుకూ, వెనుక రేకు కోతకూ పొత్తు కుదరదు. చక్రాలనైతే ఎప్పుడైనా విప్పి పాతవి బిగించుకోవచ్చు, రేకును అతికించుకోలేం.

మీరు చూసిన ఫొటోల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1971లో జపాన్‌లో విడుదలైన ఫెయిర్‌లేడీ 240జెడ్‌జీకి (మీ కారుకు జపాన్‌లో ఫెయిర్‌లేడీ అని పేరు) చక్రాల పైన అదనపు మడ్‌గార్డు తొడుగులు కంపెనీయే బిగించి ఇచ్చింది. వెడల్పు చక్రాలతో కనువిందు చేసే కార్లలో చాలావాటికి ఆ తొడుగులో, వాటి నకళ్ళో ఉంటాయి. తొడుగు లేని మామూలు బాడీతో ఆ కార్లను పోల్చి చక్రం ఎంచుకుంటే పొరపాటు పడతాం.

ఇక లెక్కకు వద్దాం. చక్రం వెడల్పును సరిగ్గా సగానికి కోసే గీతకూ, హబ్బుకు (కారుకు చక్రాన్ని బిగించే గుండ్రటి భాగానికి) ఆనే ముఖానికీ మధ్య ఉన్న దూరమే ఆఫ్‌సెట్. అది సున్నా అయితే ఆ ముఖం సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. అప్పుడు ఏడంగుళాల చక్రం హబ్బు ముఖం నుంచి లోపలికి 89 మిల్లీమీటర్లు, బయటికి 89 మిల్లీమీటర్లు వస్తుంది. ఎనిమిదంగుళాలది అటూ ఇటూ 102 మిల్లీమీటర్లు వస్తుంది. రిమ్ము అంచుల మందం దీనికి అదనం. అంటే ఎనిమిదంగుళాలది ప్రతి పక్కా దాదాపు 13 మిల్లీమీటర్లు ఎక్కువ చోటు అడుగుతుంది. బయటికి పెరిగితే మడ్‌గార్డు అంచు, లోపలికి పెరిగితే స్ట్రట్టు (చక్రం పక్కన నిలువుగా ఉండే సస్పెన్షన్) గొట్టమూ, దాని మీద స్ప్రింగు కూర్చునే పళ్ళెం, అంటే స్ప్రింగు సీటూ అడ్డు వస్తాయి. ముందు చక్రాలకు మరో చిక్కుంది: స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు భుజం మడ్‌గార్డు ముందు దిగువ మూలకు రాసుకుంటుంది. ఈ కారు స్టీరింగుకు పవర్ సాయం కూడా లేదు కనుక, సున్నా ఆఫ్‌సెట్‌తో ఎనిమిదంగుళాల చక్రం వేసి బీసెంట్ రోడ్డు పక్క సందుల్లో పార్కింగు చేయబోతే చేతులకు పని తెలుస్తుంది.

మీరు చక్రాలు కొనకముందే కారు మీద కొలవండి. కారు జాకీ మీద కాకుండా నేల మీద నిలబడి ఉండాలి. చపాతీ పిండి చిన్న ముద్ద తీసుకుని స్ప్రింగు సీటు అంచుకు, టైరుకు ఎదురుగా అతికించండి. మరొకటి మడ్‌గార్డు లోపలి పెదవికి అతికించండి. డిక్కీలో నాలుగు 25 కిలోల బియ్యం బస్తాలు వేసి, పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని, మీ వీధిలోని స్పీడ్‌బ్రేకరు మీదుగా నెమ్మదిగా రెండుసార్లు నడపండి. దిగి చూస్తే పిండి ముద్ద ఎంత మందంలో మిగిలిందో అక్కడ అంత ఖాళీ ఉన్నట్టు. అసలు తగలకపోతే ఖాళీ అంతకన్నా ఎక్కువే. ఆ తర్వాత పాత చక్రం హబ్బు ముఖం నుంచి లోపలికీ బయటికీ ఎంత వస్తుందో బద్ద పెట్టి కొలిచి, కొత్తదానితో పోల్చుకోండి. వెనుక సస్పెన్షన్ కిందికి నొక్కుకున్నప్పుడు చక్రం తల లోపలికి వాలుతుంది కనుక ఖాళీ కారులో తీసిన కొలతను నమ్మవద్దు.

జవాబు (విజయవాడ, ఆటోనగర్ నుంచి)

పై మాస్టారు చెప్పినదానికి టైర్ల సంగతి కలుపుతాను, ఎందుకంటే చక్రం ఎంచుకునేవారు టైరు దొరుకుతుందా లేదా అన్నది ఆఖరున ఆలోచిస్తారు. ఎనిమిదంగుళాల రిమ్ముకు తగినది 225/50ఆర్15 (అంటే టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము వ్యాసం 15 అంగుళాలు). ఇది మన దుకాణాల్లో అడగగానే దొరికే సైజు కాదు; ఒక టైరు చీలితే మళ్ళీ జత కోసం తిరగాలి. పైగా దాని వ్యాసం 606 మిల్లీమీటర్లు. మీ కారుకు మొదట వచ్చిన 175 సైజు 14 అంగుళాల టైరు వ్యాసం సుమారు 635. అంటే కారు నేలకు 15 మిల్లీమీటర్ల దాకా దగ్గరవుతుంది. మన స్పీడ్‌బ్రేకర్లను కట్టినవారు స్పోర్ట్స్ కారును దృష్టిలో పెట్టుకోలేదన్నది మీకు తెలిసిందే.

ఏడంగుళాల రిమ్ముకు 205/60ఆర్15 చక్కగా కూర్చుంటుంది; దాని వ్యాసం 627, కాబట్టి స్పీడోమీటరు తేడా ఒకటిన్నర శాతం లోపే ఉంటుంది. 195/60 కూడా పడుతుంది గాని వ్యాసం 615కు తగ్గిపోతుంది. పాత ఇన్నోవాకు వచ్చిన 205/65 సులువుగా దొరుకుతుంది కదా అని కొందరు వేయబోతారు. అది 647 దాకా పోయి స్ప్రింగు సీటుకు దగ్గరవుతుంది, వద్దు. ఎనిమిదంగుళాల రిమ్ము మీద 205 టైరును లాగి ఎక్కించే ఫ్యాషను ఒకటుంది. ఆ టైరుకు అనుమతించిన రిమ్ము వెడల్పు ఏడున్నర వరకే. ఆ పని నేను నా దుకాణంలో చేయను.

మళ్ళీ ప్రశ్నించినవారు

మాస్టారూ, మీరు చెప్పినట్టే పిండి ముద్దలతో కొలిచాను (ఇంట్లో నవ్వారు). లెక్క వేసి చూస్తే వెనుక కుడివైపున, కొత్త ఏడంగుళాల చక్రానికి మడ్‌గార్డు పెదవి దగ్గర 9 మిల్లీమీటర్లు మిగులుతాయి. ఎనిమిదంగుళాలది రేకును దాటి బయటికి వస్తుంది. ఎడమవైపు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఖాళీ ఉంది; ఇది మామూలేనా? ఏడంగుళాలదే తీసుకుందామనుకుంటున్నాను. ఇక చక్రం నాణ్యత మాట చెప్పండి.

జవాబు (గుంటూరు నుంచి)

యాభై ఏళ్ళ కారుకు రెండు పక్కలా మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే బెంగపడనక్కర్లేదు, తక్కువ ఉన్న పక్కనే ప్రమాణంగా తీసుకోండి. 9 మిల్లీమీటర్లు చాలు.

నాణ్యత విషయంలో మొదట చక్రం వెనుకవైపు చూడండి. జపాన్ ప్రమాణానికి గుర్తు 'జేడబ్ల్యూఎల్'. మలుపుల్లో పడే ఒత్తిడికీ, బరువుకూ, దెబ్బకూ చక్రం తట్టుకుంటుందని తయారీదారు పరీక్షించి వేసే ముద్ర అది. 'వీఐఏ' ముద్ర బయటి సంస్థ తనిఖీకి సంబంధించినది. పేరు ఊరు లేని నకళ్ళ మీద ఈ అక్షరాలను ఉత్తినే పోత పోసినవీ ఉంటాయి కనుక, ముద్ర పక్కన తయారీదారు పేరు, సైజు, ఆఫ్‌సెట్, మోయగల బరువు కూడా ఉన్నాయో లేదో చూసి, ఆ పేరుతో నిజంగా ఒక కర్మాగారం ఉందో లేదో విచారించండి. ఉదాహరణకు ఫిలిప్పీన్స్‌లోని రోటా సంస్థ ఇలాంటి పాత నమూనాలను పోలిన చక్రాలను తన పేరుతోనే బహిరంగంగా అమ్ముతుంది. నకలే అయినా జవాబుదారీ ఉంది. తర్వాత ఆ నాలుగు చక్రాలనూ టైర్లు ఎక్కించకముందే బ్యాలెన్సింగు యంత్రం మీద తిప్పించి, అంచు ఎంత ఊగుతోందో డయల్ గేజితో చూపించమనండి. ఆకులు రిమ్ములో కలిసే మూలల్లో వేలితో తడమండి. సూదిమొనంత గుంటలు వరసగా తగిలితే ఆ చక్రం వెనక్కి ఇచ్చేయండి.

నట్ల రంధ్రాల విషయంలో మోసపోయేవారు ఎక్కువ. మీ కారుకు నాలుగు నట్లు, వాటి మధ్యబిందువుల గుండా పోయే వృత్తం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు. మన దగ్గర చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది 100 మిల్లీమీటర్ల వృత్తం. రెండింటికీ పనికొచ్చేలా ఎనిమిది రంధ్రాలు వేసిన చక్రాలు అమ్ముతారు. నాలుగు రంధ్రాలవే అడగండి. స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) 12 మిల్లీమీటర్లది, మర పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, 1.25 మిల్లీమీటర్లు. మారుతి కార్లదీ ఇదే మర. టయోటా, హోండా, హ్యుందాయ్‌లది 1.5. చాలా ఏళ్ళ క్రితం నా పాత కారుకు ఒక దుకాణంలో కుర్రవాడు 1.5 నట్టును గాలి తుపాకితో బలవంతంగా ఎక్కించాడు. కాజ టోల్‌గేటు దాటాక వెనుక నుంచి టకటకమని చప్పుడు మొదలైతే ఆపి చూశాను: రెండు స్టడ్లు మర పోయి నున్నగా మిగిలాయి. అప్పటి నుంచి మొదటి నాలుగైదు చుట్లు నేను చేత్తోనే తిప్పుతాను. మీరూ అలాగే చేయండి. నట్టు కనీసం తొమ్మిది పది చుట్లు స్టడ్డు మీదికి ఎక్కాలి. అల్లాయ్ చక్రం మందం వల్ల అంత మర అందకపోతే పొడవైన స్టడ్లు వేయించాలి గాని, ఉన్నంతలో బిగించి వదలకూడదు. ఆ స్థితిలో స్పేసర్ల (చక్రానికీ హబ్బుకూ మధ్య పెట్టే బిళ్ళల) మాట అసలే ఎత్తవద్దు.

నట్టు కూర్చునే గుంట ఏటవాలుగా ఉందా, చదునుగా వాషరుతో ఉందా చూసుకుని దానికి తగిన నట్టే కొనండి. టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) 8 నుంచి 9 కిలోగ్రాం-మీటర్ల వరకు, ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగించండి. కొత్త చక్రాలతో ఒకసారి గుంటూరు దాకా వచ్చి వెళ్ళాక, చక్రాలు చల్లారనిచ్చి మళ్ళీ అదే రెంచి పట్టండి. స్పేరుగా ఇనుప చక్రాన్నే ఉంచుకుంటారు కనుక, కొత్త నట్లు వేరే రకమైతే పాత నట్లు నాలుగూ ఒక గుడ్డసంచిలో కట్టి స్పేరు చక్రం పక్కనే పెట్టండి.