మోటార్‌స్పోర్ట్ మేనేజర్: ప్రిడేటర్ టీంతో డబ్బు నిలవట్లేదు, కార్లు సగంలో ఆగిపోతున్నాయి

చివరిగ్రిడ్:

2016లో పీసీకి వచ్చిన మోటార్‌స్పోర్ట్ మేనేజర్ (కార్ రేసింగ్ టీంని మనమే నడిపే గేమ్) గురించి అడుగుతున్నా. యూరోపియన్ రేసింగ్ సిరీస్, ప్రిడేటర్ టీం, మొదటి సీజన్. ఏడు రేసులయ్యాయి. రెండు కార్లూ కలిపి పద్నాలుగు స్టార్టుల్లో ఐదుసార్లు కారు మధ్యలోనే ఆగింది: మూడు గేర్‌బాక్స్, రెండు ఇంజిన్.

ప్రస్తుతం సెట్టింగులు ఇలా ఉన్నాయి. ఫ్యాక్టరీలో మెకానిక్కుల స్లైడర్ పూర్తిగా పెర్ఫార్మెన్స్ వైపు. కొత్త పార్ట్ రాగానే ఆ వారమే కారుకి బిగింపు. హెడ్‌క్వార్టర్స్‌లో టెస్ట్ ట్రాక్, స్కౌటింగ్ ఫెసిలిటీ రెండూ మొదలయ్యాయి. స్పాన్సర్లందరూ ముందస్తు మొత్తం ఎక్కువిచ్చినవాళ్లే.

పెర్ఫార్మెన్స్ పెంచకపోతే వెనకే ఉంటాం, పెంచితే కారు ఆగుతోంది. ముందు ఏది సరిచేయాలి? డబ్బు ఎక్కడ కారిపోతోంది? ప్రాక్టీసులో సెటప్ 80 శాతం దగ్గరే ఆగిపోతోంది, అది కూడా ఎవరైనా చెప్పండి.

పిట్‌బోర్డు:

స్లైడర్ దగ్గరే మొదలుపెట్టండి. మీ ఐదు రిటైర్మెంట్లకీ అదే కారణం.

ఈ గేములో ప్రతి పార్ట్‌కీ రెండు అంకెలుంటాయి, పెర్ఫార్మెన్స్, రిలయబిలిటీ. చాలామంది రిలయబిలిటీని అదృష్టం లెక్కలో చూస్తారు. కానీ అది రేసు మొదలయ్యేటప్పుడు ఆ పార్ట్ ఏ కండిషన్‌లో ఉంటుందో చెప్పే అంకె. రిలయబిలిటీ 45 ఉన్న గేర్‌బాక్స్ 45 దగ్గరే రేసు మొదలెడుతుంది. ల్యాపులు తిరిగేకొద్దీ కండిషన్ దిగుతుంది. తెరమీది కండిషన్ పట్టీలో ఎర్ర భాగంలోకి దిగాక పార్ట్ పనితనం కూడా పడిపోతుంది, అంటే మీరు మూడు వారాలు కష్టపడి పెంచిన పెర్ఫార్మెన్స్ అక్కడే పోతుంది. సున్నాకి చేరితే ఇంజిన్, గేర్‌బాక్స్ లాంటివైతే కారు పక్కకి ఆగాల్సిందే. కాబట్టి రిలయబిలిటీ తక్కువ ఉన్న పార్ట్‌కి పెర్ఫార్మెన్స్ ఎంత పెంచినా చివరి పది ల్యాపుల్లో అది కాగితం మీదే ఉంటుంది.

కొత్త పార్ట్ బయటికొచ్చినప్పుడు రిలయబిలిటీ ఎప్పుడూ తక్కువే. దానికి గరిష్ఠ పరిమితి వేరే ఉంటుంది. ఆ పరిమితి దాకా తీసుకెళ్లడం మెకానిక్కుల పని. అందుకని కొత్తది రాగానే రిలయబిలిటీ వరుసలో పెట్టండి. స్లైడర్ కనీసం మూడొంతులు అటే ఉండాలి. ఇంజిన్, గేర్‌బాక్స్ ముందు, తర్వాత బ్రేకులు, సస్పెన్షన్, ఆఖర్న వింగులు. అన్నీ 70 దాటాక స్లైడర్‌ని పెర్ఫార్మెన్స్ వైపు జరపండి. అప్పటిదాకా పాత పార్టే మంచిది. అంకె చిన్నదైనా ముగింపు గీత దాకా తీసుకెళ్తుంది.

పార్ట్ డిజైన్ చేసేటప్పుడు కాంపోనెంట్లు ఎంచుకునే తెర ఉంటుంది కదా, అక్కడ పెర్ఫార్మెన్స్ ఎక్కువిచ్చేదే కళ్లకి కనబడుతుంది. గరిష్ఠ రిలయబిలిటీ పెంచేవీ, తయారీ రోజులు తగ్గించేవీ పక్కనే ఉంటాయి. చివరి టీంకి ఆ రెండూ ఎక్కువ విలువైనవి. రూల్స్ దాటే రిస్క్ ఉన్న కాంపోనెంట్ల జోలికి మొదటి సీజన్లో వెళ్లకండి. తనిఖీలో పట్టుబడితే జరిమానా కట్టాలి, పార్ట్ కూడా చేజారుతుంది.

ఇంకోటి, ఏ పార్ట్ చేయాలన్నది క్యాలెండర్ చూసి నిర్ణయించండి. ఇంజిన్ టాప్ స్పీడ్‌కి, గేర్‌బాక్స్ యాక్సిలరేషన్‌కి, బ్రేకులు బ్రేకింగ్‌కి. నెమ్మది మలుపులకి ఫ్రంట్ వింగ్, మధ్యరకం మలుపులకి సస్పెన్షన్, వేగమైన మలుపులకి రియర్ వింగ్. రాబోయే మూడు ట్రాకులకి ఏది ముఖ్యమో ట్రాక్ వివరాల్లో రాసే ఉంటుంది. మూడింటిలో రెండు చోట్ల పనికొచ్చే పార్ట్ చేయించండి. ఒక్క ట్రాక్ కోసం చేస్తే దండగ.

గేర్‌రేషియో:

డబ్బు సంగతి నేను చెప్తా.

టెస్ట్ ట్రాక్, స్కౌటింగ్ ఫెసిలిటీ కట్టడానికయ్యే ఖర్చు ఒకెత్తు, కట్టాక వాటి నిర్వహణ ఖర్చు మరో ఎత్తు. ప్రిడేటర్ లాంటి టీంకి అది అసలుకే ఎసరు పెడుతుంది. మొదటి సీజన్లో ఫ్యాక్టరీ, డిజైన్ సెంటర్ తప్ప దేనిమీదా చెయ్యి వేయకండి. ఆ రెండూ ఆరు పార్టులకీ పనికొస్తాయి. విండ్ టన్నెల్ వింగులకి, బ్రేక్ రీసెర్చ్ సెంటర్ బ్రేకులకి, రైడ్ హ్యాండ్లింగ్ సస్పెన్షన్‌కి. అవి ఒక్కోటీ ఒకటి రెండు పార్టుల కోసమే, కాబట్టి రెండో సీజన్ దాకా ఆగొచ్చు. స్కౌటింగ్ భవనం లేకపోయినా డ్రైవర్లని చూడొచ్చు, కాకపోతే ఒకేసారి తక్కువమందిని.

స్పాన్సర్ల విషయంలో మీరు చేసింది సగం తప్పు. ముందస్తు మొత్తం చేతిలో పడగానే ఖర్చయిపోతుంది, తర్వాత ప్రతి రేసుకీ జీతాలూ నిర్వహణా కట్టడానికి ఏమీ ఉండదు. మీ ఫైనాన్స్ తెరలో రేసుకి పోయే ఖర్చు చూడండి. స్పాన్సర్లు రేసుకి ఇచ్చే మొత్తం దానికి దగ్గరగా ఉండాలి. ఒకరిద్దర్ని ముందస్తుకి ఉంచుకుని మిగతావాళ్లని రేసు రేసుకీ ఇచ్చేవాళ్లని తీసుకోండి. ఒప్పందం అయిపోయిన చోట వెంటనే నింపొద్దు, రెండు మూడు ఆఫర్లు వచ్చేదాకా చూడండి.

బోనస్ లక్ష్యం ఎంచుకునేటప్పుడు మొత్తం పెద్దదని పదో స్థానం అడిగే స్పాన్సర్‌ని ముట్టుకోవద్దు. పదహారో స్థానం అడిగేవాళ్ల చిన్న మొత్తమే మీకు నిజంగా వచ్చే డబ్బు. ఈ లెక్క కూడా మళ్లీ కారు ఆగకపోవడం దగ్గరికే వస్తుంది. అవతలివాళ్లు నలుగురు ఆగిపోయిన రోజున మీ కారు గీత దాటితే చాలు, పదహారో స్థానం అందుతుంది.

వచ్చే ఏడాది కారు మర్చిపోకండి. ఫైనాన్స్‌లో దానికోసం రేసు రేసుకీ పక్కన పెట్టే స్లైడర్ ఉంది. ఇప్పుడు సున్నా ఉంటే ఈ వారమే కొంచెమైనా పెట్టండి. సీజన్ చివర సప్లయర్లని ఎంచుకునేటప్పుడు చేతిలో డబ్బు లేకపోతే చవక ఇంజిన్, చవక బ్రేకులు వస్తాయి. టైర్ అరుగుదల, ఇంధన వాడకం ఏడాది మొత్తం దెబ్బతింటాయి, మధ్యలో మార్చుకునే దారి లేదు. పార్టులని సీజన్ మధ్యలో మార్చొచ్చు, షాసీని (కారు అసలు చట్రాన్ని) మార్చలేం. నన్నడిగితే ఈ సీజన్ ఇక మీ చేతిలోంచి పోయినట్టే అనుకుని సగం తర్వాత డబ్బంతా షాసీకే మళ్లించాలి.

చివరిగ్రిడ్:

స్లైడర్ మార్చాను, స్కౌటింగ్ ఆపేశాను. రెండు సందేహాలు. వచ్చే రేసుకి 14 రోజులుంది, కొత్త గేర్‌బాక్స్‌కి 11 రోజులు చూపిస్తోంది. మొదలెట్టాలా? ఒకటే చేస్తే ఏ కారుకి బిగించాలి?

పిట్‌బోర్డు:

మొదలెట్టండి, కానీ వచ్చే రేసుకి బిగించకండి. 14లో 11 పోతే మిగిలేది మూడు రోజులు. రేసు వారాంతంలో ఫ్యాక్టరీ పని సాగదు కాబట్టి ఆ మూడు రోజుల్లో 40 దగ్గరున్న రిలయబిలిటీ పెద్దగా కదలదు. రేసయ్యాక తర్వాతి రేసు దాకా మళ్లీ రెండు వారాలుంటాయి కదా, ఆ రెండు వారాలూ రిలయబిలిటీ వరుసలో ఉంచితే అప్పుడు బిగించొచ్చు. అంటే డిజైన్ మొదలెట్టిన రోజునుంచి కారెక్కేదాకా దాదాపు నాలుగు వారాలు. పార్ట్ ఎంచుకునేటప్పుడు ‘వచ్చే రేసు ట్రాక్’ కాదు, ‘దాని తర్వాతి ట్రాక్’ చూడమని అందుకే అంటాను.

ఒకటే అయితే సిరీస్ పట్టికలో ముందున్న డ్రైవర్‌కి. రెండో డ్రైవర్‌కి పాతవాటిలో రిలయబిలిటీ ఎక్కువున్నది బిగించండి. రెండో గేర్‌బాక్స్ వెంటనే చేయాలనుకోకండి, డిజైనర్ చేతిలో ఒకసారి ఒక పనే. వచ్చే ఏడాది కారు పని మొదలయ్యాక పార్టులకి అతను దొరకడు, కాబట్టి అవసరమైన పార్టులు ఈలోపే ముగించేయాలి.

మీడియంటైర్:

సెటప్ 80 దగ్గర ఆగడానికి కారణం ఒకేసారి అన్ని స్లైడర్లూ జరపడం. ఫ్రంట్ వింగ్, రియర్ వింగ్, టైర్ ప్రెషర్, క్యాంబర్ (టైర్ వంపు), సస్పెన్షన్, గేర్ రేషియో, ఇవి ఆరూ కలిసి మూడు పట్టీలని కదుపుతాయి: డౌన్‌ఫోర్స్ (కారుని నేలకి అదిమే గాలి ఒత్తిడి), హ్యాండ్లింగ్, స్పీడ్ బ్యాలెన్స్. ఒక స్లైడర్ ఒకటికంటే ఎక్కువ పట్టీలని కదుపుతుంది. అక్కడే లెక్క తప్పుతుంది. వింగు జరిపి డౌన్‌ఫోర్స్ సరిచేశాం అనుకునేలోపు పక్క పట్టీ జరిగిపోయి ఉంటుంది.

ఇలా చేయండి. మొదటి రౌండు గేము ఇచ్చిన సెటప్‌తోనే పంపండి, డ్రైవర్ అభిప్రాయం మూడు పట్టీలమీదా వచ్చేదాకా వెనక్కి పిలవకండి. రెండు ల్యాపులకే పిలిస్తే సగం సమాచారమే వస్తుంది. రెండో రౌండుకి ముందు వింగులు రెండూ జరిపి డౌన్‌ఫోర్స్ కుదర్చండి. తర్వాత మిగతా రెండు పట్టీలు ఎటు జరిగాయో చూసి ప్రెషర్, క్యాంబర్, సస్పెన్షన్‌తో హ్యాండ్లింగ్‌ని లాగండి. గేర్ రేషియో చివర్న. ప్రతి రౌండుకీ జరిపే దూరం ముందటిదానిలో సగం ఉండాలి. ‘కొంచెం ఎక్కువ’ అంటే సగం వెనక్కి, మళ్లీ ‘కొంచెం తక్కువ’ అంటే అందులో సగం ముందుకి. నాలుగో రౌండుకి 90 దాటుతుంది. ఫీడ్‌బ్యాక్ అంకె ఎక్కువున్న డ్రైవర్ చెప్పేదే ఎక్కువ పనికొస్తుంది.

ఆ రౌండ్లన్నీ రేసులో వాడబోయే టైర్ మీదే తిప్పండి. సెటప్‌తోపాటు ఆ టైర్ నాలెడ్జ్ కూడా నిండుతుంది. చివరి టీంకి క్వాలిఫైయింగ్ (స్టార్ట్ వరుస తేల్చే సెషన్) ట్రిమ్ కంటే రేస్ ట్రిమ్, టైర్ నాలెడ్జ్ ముఖ్యం.

పిట్‌బోర్డు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. రిలయబిలిటీ పూర్తిగా పెరిగేదాకా ఈ రెండు మూడు రేసులు పిట్ స్టాప్‌లో పార్ట్ రిపేర్ వాడుకోవచ్చు. టైర్లకోసం ఎలాగూ ఆగుతారు, అదే ఆగడంలో ఎర్ర భాగానికి దగ్గరైన ఒక్క పార్ట్‌ని ఎంచుకుంటే చాలు. అన్నీ ఎంచుకుంటే అంచనా సమయం పెరుగుతూ కనబడుతుంది, అక్కడే స్థానాలు పోతాయి. రెండు కార్లనీ ఒకే ల్యాపులో మాత్రం పిలవకండి, వెనక కారు ముందు కారు కదిలేదాకా నిలబడాలి.

టైర్లకోసం అదనంగా ఇంకో స్టాప్ చేయాలా అన్న లెక్క ఇలా. ఒక స్టాప్‌కి 24 సెకన్లు పోతాయనుకుందాం, ఇంకా 20 ల్యాపులున్నాయి. 24ని 20తో భాగిస్తే 1.2. కొత్త టైర్లు ల్యాపుకి సగటున 1.2 సెకన్లకంటే ఎక్కువ మిగిల్చితేనే ఆగాలి. ఎనిమిది ల్యాపులే ఉంటే ల్యాపుకి 3 సెకన్లు కావాలి, అరిగిన టైర్లతో డ్రైవింగ్ స్టైల్ తగ్గించి నడపడమే మేలు. సేఫ్టీ కార్ (ప్రమాదమైతే అందరినీ నెమ్మదిగా నడిపించే కారు) బయటికొస్తే మాత్రం స్టాప్‌కి పోయే సమయం బాగా తగ్గుతుంది, అప్పుడు లెక్క మళ్లీ వేయండి.

టైర్ వేడి పట్టీ మీద కూడా ఒక కన్నుండాలి. డ్రైవింగ్ స్టైల్‌ని ఎటాక్‌లో (దూకుడుగా) వదిలేస్తే వేడెక్కి అరుగుతాయి, కన్జర్వ్‌లో (నిదానంగా) మరీ ఎక్కువసేపు ఉంచితే చల్లబడి పట్టు పోతుంది. పట్టీ మధ్యలో ఉండేలా రెండు మూడు ల్యాపులకోసారి మార్చుతూ ఉండండి.

గేర్‌రేషియో:

ఇంధనం మాట ఎవరూ ఎత్తలేదు. ఫార్ములా వన్‌లో 2010 నుంచి రేసు మధ్య ఇంధనం నింపడం లేదు, కానీ ఈ గేములో అది టీముల ఓటింగుతో మారే రూల్. మీ సిరీస్‌లో ఇప్పుడు ఏది నడుస్తోందో రూల్స్ తెరలో చూసుకోండి. నింపుకునే వీలుంటే ప్రతి స్టాప్‌లో తర్వాతి స్టాప్ దాకా సరిపడా మాత్రమే పోయించండి, బరువు తగ్గుతుంది. వీలు లేకపోతే తెరమీద ల్యాపుల్లో కనబడే మిగులు సున్నాకి దగ్గరగా ముగిసేలా ఇంజిన్ మోడ్ తగ్గిస్తూ పెంచుతూ రావాలి. రేసయ్యాక రెండు ల్యాపుల ఇంధనం మిగిలిందంటే హై మోడ్‌లో వాడుకోవాల్సింది వాడుకోలేదని. చివరి అయిదు ల్యాపులకి ముందు ఒకసారి ఆ అంకె చూసి, మిగులుంటే హై పెట్టేయండి.