బ్లూబెర్రీలతో మామయ్య గారి షుగరు తగ్గుతుందా?

పటమట కోడలు:
అందరికీ నమస్కారం. మా మామయ్య గారికి డెబ్బై రెండేళ్ళు. పన్నెండేళ్ళుగా షుగరు, మాత్రల మీదే ఉన్నారు. న్యూజెర్సీలో ఉండే మా ఆడపడుచు ఏదో వీడియో చూసి, "నాన్నకు రోజూ బ్లూబెర్రీలు పెట్టు వదినా, షుగరు దిగిపోతుంది" అని వారం రోజులుగా ఒకటే పోరు. సరేనని బెంజి సర్కిల్ దగ్గర ఒక డబ్బా కొన్నాను. నూట పాతిక గ్రాములు, మూడు వందల రూపాయలు. మామయ్య గారు ఒక పండు తీసి వేళ్ళ మధ్య దొర్లించి, "ఈ గోలీలకు మూడు వందలా! రైతుబజారులో వారానికి సరిపడా కూరలొస్తాయి" అని డబ్బా పక్కకు నెట్టేశారు. పైన బూడిద పూసినట్టు తెల్లగా ఉంటే అది పురుగుమందేమోనని అత్తయ్య గారి అనుమానం. మూడుసార్లు కడిగినా పూర్తిగా పోలేదు. ఇంతకీ వీటిలో ఉన్నదేమిటి? కొనమంటారా, మానమంటారా?

బ్రాడీపేట మాష్టారు:
అమ్మా, నేను గుంటూరులో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, వైద్యుణ్ణి కాను. ముందు అత్తయ్య గారి అనుమానం తీరుస్తాను. ఆ తెల్లటి పొర పండు తనకు తాను పూసుకున్న మైనం. నల్లద్రాక్ష మీదా చూసే ఉంటారు. ఒకసారి మామూలుగా కడిగితే చాలు, తోమనక్కర్లేదు.

ఇప్పుడు ఒక పండును సగానికి కోయండి. తొక్క ముదురు నీలం, లోపలి గుజ్జు మాత్రం పాలిపోయిన ఆకుపచ్చ. అందరూ చెప్పుకునే ఆంథోసయనిన్లు, అంటే మొక్కల్లో ఉండే ఒక జాతి రంగు పదార్థాలు, ఆ తొక్కలోనే ఉన్నాయి. నాలుగు పండ్ల తొక్కలు నలిపి, కాసిని నీళ్ళు కలిపి, రెండు గిన్నెల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది. రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే నీలంగా, ఇంకొంచెం వేస్తే ఆకుపచ్చగా తిరుగుతుంది. ఎర్ర మందారంలోనూ ఈ జాతి రంగే ఉంటుంది. మా పిల్లలతో ఈ ప్రయోగం ఆ పూలతోనే చేయించేవాణ్ణి, పైసా ఖర్చు లేకుండా.

షుగరు సంగతికి వస్తాను. 2019లో ఇంగ్లండులో, మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, బీపీ, షుగరు, కొవ్వు వంటివి కొన్ని కలిసి హద్దు దాటిన స్థితి) ఉన్న 115 మందితో ఆరు నెలల పరీక్ష ఒకటి జరిగింది. రోజూ 150 గ్రాముల పండ్లకు సమానమైన పొడి తిన్నవారిలో రక్తనాళాలు సాగే గుణం మెరుగుపడింది. 75 గ్రాముల వారిలో ఆ మేలు కనిపించలేదు. షుగరును అదుపు చేసే ఇన్సులిన్ విషయంలో మాత్రం ఏ తేడా లేదు. ఆ పరీక్షకు డబ్బిచ్చినవారిలో అమెరికా బ్లూబెర్రీ మండలి ఉంది. సొంతవాళ్ళ సొమ్ముతో జరిగినా షుగరు తగ్గిందని రాయలేకపోయారు, అందుకే నాకు ఆ ఫలితం మీద గురి.

మరి వీడియో వారికి ఆ మాట ఎక్కడ దొరికిందంటే, బహుశా 2013 నాటి అమెరికా అధ్యయనంలో. లక్షా ఎనభై ఏడు వేల మందిని ఏళ్ళ తరబడి గమనిస్తే, వారానికి మూడుసార్లు బ్లూబెర్రీలు తినేవారిలో కొత్తగా షుగరు రావడం 26 శాతం తక్కువగా కనిపించింది. అది రాకముందు మాట, వచ్చాక తగ్గే మాట కాదు. పైగా పండ్లు తినేవారు నడక, నిద్ర కూడా పద్ధతిగా ఉంచుకునే రకం కావచ్చు. అదే అధ్యయనంలో పండ్లరసం తాగేవారికి ముప్పు కాస్త పెరిగింది, కనుక జ్యూసు చేసి ఇవ్వకండి.

లెక్క కూడా చూడండి. రోజుకు 150 గ్రాములంటే మీ డబ్బాలు నెలకు 36, అంటే 10,800 రూపాయలు. మీ మామయ్య గారి కోపంలో న్యాయం ఉంది.

ఏటుకూరు రైతు:
మా గట్టు మీద నేరేడు చెట్టు ఉంది. ఆషాఢంలో కింద నేలంతా ఊదారంగు. దీనికి గుజ్జు కూడా రంగే, నాలుక రంగు సాయంత్రం దాకా పోదు. నేరేడులో ఆ గుణం లేదా మాష్టారూ? ఇంకొకటి, మా బావగారు నేరేడు గింజల పొడిని నమ్ముకుని మాత్రలు ఆపేశారు. రెండు నెలల్లో షుగరు మూడు వందలు దాటింది, కాలి పుండు మానక నానా అవస్థ పడ్డారు.

బ్రాడీపేట మాష్టారు:
ఉంది బాబూ. డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ అనే రంగులు రెండు పండ్లలోనూ ఉన్నాయి. నల్లవంకాయ తొక్కలోనూ ఆ కుటుంబమే, కాకపోతే గుత్తివంకాయ నూనెలో మగ్గాక ఎంత మిగులుతుందో అడక్కండి. అమెరికాలోనూ బ్లూబెర్రీ ఒకప్పుడు అడవికాయే. తోటగా పెంచి మొదటి పంట అమ్మింది 1916లో, అదీ ఆ ఆడపడుచుగారి న్యూజెర్సీలోనే. మీ బావగారి మాట అందరూ చదవాలి. ఏ పండు తిన్నా మాత్రల జోలికి వెళ్ళకూడదు.

పటమట కోడలు:
మాష్టారూ, నిన్న సాయంత్రం చేసి చూశాం. మామయ్య గారు పేపరు పక్కన పడేసి వంటింటి గట్టు దగ్గరికి వచ్చేశారు. సోడా ఇంకాస్త వేయమని, నిమ్మకాయ ఇంకో చెక్క పిండమని ఆయనే. తొమ్మిది పండ్లు అక్కడే అయిపోయాయి, మిగిలినవి మా అబ్బాయి తినేశాడు. ఇక కొనడం లేదు, నేరేళ్ళ కోసం ఆగుతాం. ఎర్ర గిన్నె, ఆకుపచ్చ గిన్నె ఫొటో తీసి ఆడపడుచుకు పంపితే, "తినమన్నాను వదినా, ఆడుకోమనలేదు" అని జవాబు వచ్చింది.