టోపిరమేట్ కొత్తగా మొదలుపెట్టాక మొదటి మూడు నెలలు ఏం చూసుకోవాలి?

వానచినుకు (ప్రశ్న):
మైగ్రేన్ రాకుండా ముందుజాగ్రత్తగా టోపిరమేట్ రాశారండీ. మొదటి వారం రాత్రికి 25 మి.గ్రా., ఆపైన వారానికి 25 చొప్పున పెంచుతూ పొద్దున 50, రాత్రి 50 దాకా వెళ్ళమని చీటీలో ఉంది. ఇప్పుడు రెండో వారం. వేళ్ళ చివర్లలో, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు తిమ్మిరి. తలనొప్పి మాత్రం ఎప్పటిలాగే వస్తోంది. మందు పడలేదనుకోవాలా? నొప్పి వచ్చినప్పుడు వేసుకునే సుమాట్రిప్టాన్ కొనసాగించవచ్చా?

పాతదీపం:
రెండో వారంలో తీర్పు చెప్పకండి. మీరింకా అసలు డోసుకే చేరలేదు. 100 మి.గ్రా.కు చేరాక కనీసం ఎనిమిది వారాలు చూడాలి. చాలామంది సరిగ్గా ఈ మధ్యలోనే, ఇబ్బందులు కనబడుతూ లాభం ఇంకా కనబడని రోజుల్లో, మానేస్తారు. తర్వాత ఆ మందు "పనిచేయలేదు" అని రికార్డులోకి ఎక్కుతుంది, నిజానికి దాన్ని పరీక్షించనే లేదు.

తిమ్మిరి ఈ మందుకు మామూలే. కార్బోనిక్ యాన్‌హైడ్రేజ్ అనే ఎంజైమును ఇది కొంత అడ్డుకుంటుంది, అందువల్ల వస్తుంది. సోడా కలిసిన పానీయాలు చప్పగా అనిపించడం కూడా ఆ కారణంగానే. ప్రమాదం కాదు, చాలామందిలో తగ్గుతుంది. కానీ ఆ ఎంజైమును అడ్డుకోవడం వల్లే కిడ్నీలో రాళ్ళ ముప్పు పెరుగుతుంది కాబట్టి నీళ్ళు రోజంతా తాగుతూ ఉండాలి. ఇంతకుముందు రాళ్ళు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ఇప్పుడే చెప్పండి. చెమట తగ్గి ఒళ్ళు వేడెక్కడం కూడా ఉంటుంది, ఎండలో జాగ్రత్త.

నిజంగా ఇబ్బంది పెట్టేది మాటలు తట్టకపోవడం. తెలిసిన పేరే నోటికి రాదు, లెక్కలు నెమ్మదిస్తాయి. ఇది డోసును బట్టి, పెంచే వేగాన్ని బట్టి ఉంటుంది. అలా మొదలైతే మానేయనక్కర్లేదు. ఒక్కో మెట్టు మీద వారానికి బదులు రెండు వారాలు ఆగొచ్చా అని అడగండి. రోజుకు మొత్తం 50 దగ్గరే మేలు కనిపిస్తే అక్కడే ఆగేవాళ్ళూ ఉన్నారు. 100 దాటి 200కి వెళితే మైగ్రేన్‌కు అదనంగా ఒరిగేది పెద్దగా లేదు, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం పెరుగుతాయి. ఎలాగైనా సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, మెట్లు ఎక్కినట్టే దిగాలి.

గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు తప్పనిసరిగా ముందే మాట్లాడాలి. బిడ్డకు పుట్టుకతో లోపాలు వచ్చే ముప్పు ఉంది, పైగా గర్భనిరోధక మాత్రల బలాన్ని ఈ మందు తగ్గించగలదు.

మూడోకన్ను:
పైన రానిది ఒకటి. మొదటి నెలలో ఉన్నట్టుండి చూపు మసకబారినా, దూరంవి కనబడకపోయినా, కన్ను నొప్పి పుట్టినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అరుదే, కానీ కంటిలో పీడనం పెరిగి చూపు పోయే స్థితి అది. మైగ్రేన్ ఉన్నవాళ్ళతో వచ్చే చిక్కు ఏమిటంటే, కంటి వెనక నొప్పి వాళ్ళకు అలవాటే. మళ్ళీ తలనొప్పే అనుకుని గది చీకటి చేసుకుని పడుకుంటారు. మసక రెండు కళ్ళకూ ఉండి తగ్గకుండా సాగుతుంటే అది మైగ్రేన్ అనుకోకూడదు.

లెక్కలపుస్తకం:
సుమాట్రిప్టాన్ టోపిరమేట్‌తో కలిపి వాడొచ్చు, డాక్టరు ముందే రాసి ఉంటే కొనసాగించండి. కానీ నెలలో ఎన్ని రోజులు వేసుకున్నారో లెక్క ఉండాలి. సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు నెలకు 10 రోజులు, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి 15 రోజులు, ఈ హద్దుల్ని తాకుతూ మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. అప్పుడు ముందుజాగ్రత్త మందు పనిచేస్తున్నా తెలియదు.

డైరీ అంటే పెద్ద పని కాదు. క్యాలెండరులో రోజుకో అంకె: 0 లేదు, 1 కొద్దిగా, 2 పని మందగించింది, 3 పడుకోవాల్సి వచ్చింది. పక్కన మాత్ర పేరు, రెండు గంటల్లో తగ్గిందా లేదా. నెలసరి రోజులు గుర్తు పెట్టండి. ఎన్నిసార్లు నొప్పి వచ్చిందన్నది కాదు, ఎన్ని రోజులు ఉందన్నది లెక్కించండి. మూడు రోజులు సాగిన ఒక్క నొప్పిని "ఒకటి" అని రాస్తే లెక్క తప్పుతుంది. మందుకు ముందు నెల వివరాలు మీ దగ్గర లేకపోతే, గుర్తున్నంత మేరకు ఈరోజే రాసిపెట్టుకోండి.

నెలకు తలనొప్పి రోజులు సగానికి తగ్గితే మంచి ఫలితం. నెలలో 15 రోజులకు పైగా నొప్పి ఉన్నవారికి 30 శాతం తగ్గినా లెక్కలోకి వస్తుంది. 3లు 1లుగా మారడం, మాత్ర త్వరగా పట్టడం కూడా మేలే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

వానచినుకు:
ధన్యవాదాలండీ. ఒకవేళ ఇది పడకపోతే నెలకోసారి వేసుకునే ఇంజెక్షన్లే దారా?

పాతదీపం:
అదొక్కటే కాదు. ప్రొప్రనొలాల్ ఉంది, ఆస్తమా ఉన్నవారికి పనికిరాదు, రిజాట్రిప్టాన్ (ఇదీ ఒక ట్రిప్టానే) వాడేవారికి దాని డోసు తగ్గించాలి. రాత్రి నిద్ర పట్టనివారికి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా.తో మొదలుపెడతారు, బరువు పెరగొచ్చు, నోరు ఎండుతుంది. క్యాండెసార్టాన్ కూడా ఇస్తారు.

మీరడిగినవి సీజీఆర్‌పీ ఇంజెక్షన్లు, అంటే మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునేవి. ఎరెనుమాబ్ 70 లేదా 140 మి.గ్రా. నెలకోసారి. గాల్కనెజుమాబ్ మొదటిసారి 240, ఆపైన నెలకు 120. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాలి. చల్లగా ఉన్నప్పుడే పొడిస్తే మంట ఎక్కువ. వేడినీళ్ళలో పెట్టడం, కుదపడం వద్దు. బొడ్డుకు రెండంగుళాలు వదిలి పొట్ట మీద గానీ తొడ మీద గానీ, ప్రతిసారీ చోటు మార్చి వేసుకోవాలి. ఇంజెక్షన్ పెన్నును చర్మానికి ఆనించి, మందు పూర్తిగా దిగిందని పెన్ను మీది చిన్న కిటికీలో రంగు మారేదాకా కదపకూడదు. ముందే తీసేస్తే మందు చర్మం మీద కారిపోతుంది, ఆ డోసు పోయినట్టే. ఎరెనుమాబ్‌తో మలబద్ధకం గట్టిగానే రావొచ్చు, బీపీ కూడా చూసుకుంటూ ఉండాలి. వీటికీ తీర్పు మూడో డోసు తర్వాతే.